పెరటి మూలను కుప్పింటాకు

చలిదేశములయందు క్యాట్‌నిప్ అను మొక్క యొకటి గలదు. పుదీన, తులసి మున్నగువాని కుటుంబమునకు చెందినది. అచ్చటి గృహస్థులు దీనిని తోటలో పెంచి, ఎండిన యాకును చిన్న గుడ్డసంచులలో కుట్టి పిల్లులకు ఆటవస్తువుగా నిత్తురు. ఆ వాసనకు పిల్లులు పరవశించి పొరలాడును. దీని తైలము దోమలను పారద్రోలునని 2001 సంవత్సరమున అమెరికాలోని అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రకటించిరి. ఇప్పుడు మన దేశమందును దీని విత్తనములు పొట్లములుగా అమ్మబడుచున్నవి. వానిని మనము కొనవలసిన యక్కర లేదని నా యభిప్రాయము. అది మన వేసవికి తాళుట కష్టము. పిల్లులు మెచ్చు మొక్క మన పెరటిలోనే యున్నది.

అదియే కుప్పింటాకు. ఆముదపు కుటుంబములోనిది. తొలకరి వానలకు పెంటకుప్పల చెంతను, గోడల నీడను తనంతట తానే మొలచి, అడుగు మొదలు రెండడుగుల యెత్తు పెరుగును. కంకి పొడవునను దొన్నెలవంటి చిన్న యాకులుండుటచే సులభముగా గుర్తింపవచ్చును. క్యాట్‌నిప్‌నందు పిల్లి యాకును కోరును. దీనియందు వేరును కోరును. మొక్కను పెరికి పడవేసినచో పిల్లి వచ్చి వేరును నాకి, కొరికి, దానిపై దొర్లుట మీరే చూడవచ్చును. ధాన్యపు గాదెల యొద్ద ఎలుకలను పట్టు ప్రాణికి ఈపాటి వినోదము కూర్చుట తప్పుగాదు.

అయితే ఇది కలుపుమొక్క యని మరువరాదు. పెరటి మూలను నాలుగైదు మొక్కల నుంచుకొని, తక్కినవానిని గింజ రాలకముందే పెరికి యెరువుగోతిలో వేయవలెను. నారుమళ్ల దరిని ఉంచరాదు. వేరుకొఱకు వచ్చిన పిల్లి నారును త్రవ్వివేయును. కలుపుమందు చల్లిన గట్టులపై నుండి ఆకు కోయరాదు.

ఆకును ఉప్పుతో నూరి గజ్జికి, తామరకు పూయుట మన పెద్దల వాడుక. కాని గజ్జి సూక్ష్మమైన పురుగువలన గలిగి, ఇంటిల్లిపాదికిని అంటుకొనునది. కాబట్టి పైపూతతో తృప్తిపడక, ఇంటివారందరును ఒక్కసారిగా వైద్యుని మందు వాడవలెను.

ఇంతకంటె ముఖ్యమైన దొకటి. దగ్గునకును, కడుపుబ్బరమునకును పసిపిల్లలచేత దీని రసము త్రాగించు నలవాటు కొన్నియిండ్ల నున్నది. ఇది మానవలెను. కొందరి రక్తమునందు జి-6-పి-డి యను పదార్థము పుట్టుకతోనే కొఱవడియుండును. పైకి గుర్తేమియు కానరాదు. అట్టివారు ఈ యాకును లోనికి పుచ్చుకొనినచో రక్తకణములు పగిలి, కామెరలు తోచి, మూత్రము నల్లబడి, ప్రాణమునకే ముప్పు రావచ్చును. సింహళ వైద్యులు అట్టి రోగులను చూచి 1996లో వైద్యపత్రికయందు ప్రకటించిరి. ఏ బిడ్డకు ఆ లోపమున్నదో పరీక్ష చేయక తల్లికి తెలియదు. పెరటిలో పుట్టినదెల్ల హానిలేనిదని తలచుట పొరపాటు.

కాబట్టి విత్తనపు పొట్లమునకు ధనము వెచ్చింపకుడు. ఉన్న మొక్కను మితముగా నుంచుకొనుడు. వేరును పిల్లికి విడువుడు. రసమును బిడ్డ నోటికి మాత్రము అందింపకుడు.