నేరాల సంఖ్యయా? నేరాల తూకమా?

శాంతిభద్రతలను మనం సాధారణంగా అంకెలతో కొలుస్తాము. కేసుల సంఖ్య తగ్గితే పరిస్థితి మెరుగుపడినట్లు, పెరిగితే క్షీణించినట్లు భావిస్తాము. ఈ కొలతలో ఒక సైకిలు దొంగతనం ఒకటి. ఒక హత్య కూడా ఒకటే. పది దొంగతనాలు తగ్గి రెండు హత్యలు పెరిగినా, మొత్తం మీద నేరాలు తగ్గినట్లే తేలుతుంది.

ఈ లోపాన్ని పాశ్చాత్య పండితులు ఏనాడో గుర్తించారు. 1964లో అమెరికాలో సెల్లిన్, ఉల్ఫ్‌గాంగ్ అనే ఆచార్యులు నేరాలను తీవ్రతను బట్టి తూచే పద్ధతిని ప్రతిపాదించారు. కెనడా ప్రభుత్వం న్యాయస్థానాలు విధించిన శిక్షల ఆధారంగా 2009 నుండి ఇట్టి సూచికను ప్రకటిస్తున్నది. 2016లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయ పండితులు, నేరానికి న్యాయస్థానాల మార్గదర్శక సూత్రాలు నిర్దేశించే కారాగార దినాలనే దాని బరువుగా స్వీకరించారు. ఎక్కడ, ఎవరికి అధిక హాని కలుగుతున్నదో తెలిస్తే, ఉన్న కొద్దిమంది పోలీసులను అక్కడ వినియోగించవచ్చునని వారి వాదం. ఇది సమంజసమైన వాదమే.

అయితే ఈ తరాజును యథాతథంగా మన పాలమూరుకు తెచ్చుకోగలమా? మన చట్టాలు చాలావరకు గరిష్ఠ శిక్షను మాత్రమే చెబుతాయి. సాధారణ దొంగతనానికి పూర్వపు శిక్షాస్మృతిలోను, 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోను అది 3 సంవత్సరాలు. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం ప్రకారం, మనిషిని వెట్టికి నిర్బంధించిన వానికి కూడా 3 సంవత్సరాలే. జరిమానా 2,000 రూపాయల వరకు. అనగా మక్తల్ సంతలో మేకను దొంగిలించడమూ, గుంపుమేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీరలేదని ఒక కుటుంబాన్ని పరాయి రాష్ట్రంలో కట్టడి చేయడమూ ఈ తరాజులో సమానంగా తూగుతాయి! కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకొనడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన నిర్బంధ శ్రమయేనని సుప్రీంకోర్టు 1982లోనే, ఏషియాడ్ కూలీల కేసులో, తీర్పు చెప్పినది. దేశమంతటా ఆనకట్టలకు, కాలువలకు చెమటోడ్చిన పాలమూరు కూలీలకు ఆ తీర్పులోని సత్యం అనుభవైకవేద్యం.

మరొక చిక్కు కలదు. ఠాణా గడప తొక్కని నేరం ఏ తూకానికీ అందదు. బాలికలను జోగినులుగా అంకితం చేయడాన్ని 1988 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం నిషేధించినది. కాని తల్లిదండ్రులు, గ్రామపెద్దలు కలసి జరిపించిన తంతుపై ఫిర్యాదు చేసేదెవరు? సున్నను ఎంతతో హెచ్చవేసినా సున్నయే కదా!

కావున హానిని తూచవలసినదే. కాని రాళ్లను మనమే తయారుచేసుకోవాలి. శిక్షాకాలం ఒక్కటే చాలదు. బాధితుడు కోల్పోయిన కూలి, ఆరోగ్యం, స్వేచ్ఛ, బిడ్డల చదువు కూడా లెక్కకు రావాలి. ఆ తూకం నిర్ణయించే సభలో వలస కూలీలకు, స్త్రీలకు స్థానముండాలి. 1976 చట్టమే ప్రతి జిల్లాలోను, సబ్‌డివిజన్‌లోను విజిలెన్సు కమిటీలుండాలని ఆదేశించినది. అవి సక్రమంగా సమావేశమై గ్రామాలకు వెళ్లి విచారిస్తే, ఠాణా పుస్తకాలకెక్కని హాని కొంతైనా వెలుగులోనికి వస్తుంది.

విద్యార్థి మిత్రులారా! మీలో కొందరు రేపు పోలీసు అధికారులు, న్యాయవాదులు కాగలరు. నేరాల పట్టిక మీ చేతికి వచ్చిన నాడు, మొత్తం ఎంత అని మాత్రమే అడుగకండి. ఎవరికెంత నష్టం జరిగినదో, ఎవరి నష్టం ఆ పట్టికకు ఎక్కలేదో కూడా అడగండి.