గాజు తొట్టెలో సముద్రం: అంకె కన్నా నిలకడ ముఖ్యం

ఒకప్పుడు మన ఇళ్లలో చేపల తొట్టె అంటే గుండ్రని గాజు పాత్ర, అందులో రెండు బంగారు చేపలు. ఇప్పుడు కొన్ని ఇళ్ల హాలులో ఉప్పునీటి అక్వేరియంలు కనిపిస్తున్నాయి. నారింజ వన్నె దేహంపై తెల్లని చారలున్న క్లౌన్ చేపలను చూసి పిల్లలు మురిసిపోతారు. పెద్దలు కూడా మగ్రిబ్ తర్వాత కాసేపు దాని ముందు కూర్చుంటారు. ఈ ముచ్చట వెనుక ఖర్చు ఉంది, శ్రమ ఉంది, అన్నిటినీ మించి ప్రాణాల బాధ్యత ఉంది. మా విద్యార్థుల తల్లిదండ్రుల్లో ఇటువంటి తొట్టెలు పోషించేవారు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న ఒకటే: "నీటి పీహెచ్ పడిపోతోంది, ఏ మందు వేయాలి?"

మందు సంగతి తర్వాత, ముందు అది ఎందుకు పడిపోతోందో తెలుసుకోవాలి. కారణం తెలియకుండా వేసిన మందు చాలాసార్లు వ్యాధి కన్నా ఎక్కువ హాని చేస్తుంది.

పీహెచ్ అంటే నీటిలోని ఆమ్ల, క్షార గుణాలను తెలిపే కొలమానం. డెన్మార్క్ రసాయన శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో దీనిని ప్రవేశపెట్టారు. 7 తటస్థం. అంతకు దిగువన ఆమ్లం, ఎగువన క్షారం. ఈ కొలమానంలో ఒక్క అంకె తేడా అంటే పది రెట్ల తేడా అని చాలామంది గమనించరు. 8.2 నుంచి 7.9కి దిగితే చూడడానికి స్వల్పంగానే ఉంటుంది గానీ, ఆమ్లత్వాన్ని కలిగించే హైడ్రోజన్ అయాన్ల పరిమాణం దాదాపు రెట్టింపు అయినట్టే లెక్క.

సముద్రపు ఉపరితల జలాల పీహెచ్ సగటున 8.1. ఇంటి తొట్టెలో 7.8 నుంచి 8.4 వరకు ఎక్కడ ఉన్నా చేపలు సాధారణంగా ఆరోగ్యంగానే ఉంటాయి. ప్రతిరోజూ 8.0 దగ్గర నిలిచే నీరు, ఈ రోజు 8.4కు ఎక్కి రేపు 7.8కి దిగే నీటి కన్నా ఎంతో మేలైనది. అపారమైన సముద్రంలో మార్పు నెమ్మదిగా వస్తుంది. 200 లీటర్ల తొట్టెలో అది గంటల్లో వస్తుంది, అక్కడి ప్రాణికి పక్కకు తప్పుకునే చోటు కూడా ఉండదు.

పీహెచ్‌ను ముఖ్యంగా రెండు విషయాలు నిర్ణయిస్తాయి. ఒకటి, నీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడ్. అంటే మనం విడిచే శ్వాసలోని బొగ్గుపులుసు వాయువు. ఇది నీటిలో కరిగి ఆమ్లమై పీహెచ్‌ను దించుతుంది. రెండవది క్షారత. నీటిలోని బైకార్బనేట్, కార్బనేట్ లవణాలు ఆమ్లాన్ని తట్టుకునే బలం ఇస్తాయి. మన దేహంలోని ఏర్పాటు కూడా దాదాపు ఇటువంటిదే. మానవ రక్తపు పీహెచ్ 7.35 నుంచి 7.45 మధ్యనే నిలుస్తుంది. ఊపిరితిత్తులు బొగ్గుపులుసు వాయువును బయటికి పంపుతుంటే, రక్తంలోని బైకార్బనేట్ మిగిలిన ఆమ్లాన్ని అదుపులో ఉంచుతుంది. తొట్టెకు ఊపిరితిత్తులు లేవు కనుక, ఆ పనికి ఏర్పాటు మనమే చేయాలి.

తొట్టెలోని నాచు, పాచి వెలుతురు ఉన్నంతసేపు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటాయి కనుక సాయంత్రానికి పీహెచ్ పెరుగుతుంది. రాత్రి అవి కూడా చేపల్లాగే ఆ వాయువును విడుస్తాయి కనుక తెల్లవారేసరికి తగ్గుతుంది. సాయంత్రం 8.2, ఉదయం 7.9 ఉంటే అది రోగం కాదు, రాత్రింబవళ్ల సహజ క్రమం. ఒక రోజు ఉదయం, మరొక రోజు సాయంత్రం కొలిచి "పడిపోయింది, పెరిగిపోయింది" అని కంగారుపడేవారు ఈ సంగతి మరచిపోతున్నారు. ప్రతిరోజూ ఒకే వేళకు కొలిచిన అంకెలనే ఒకదానితో ఒకటి పోల్చాలి.

సాయంత్రం కూడా 7.8 దాటకపోతే కారణం వెతకాలి. నగరాల ఇళ్లలో చాలావరకు ఆ కారణం తొట్టెలో కాక గదిలో ఉంటుంది. ఆరుబయట గాలిలో పది లక్షల పాళ్లకు సుమారు 420 పాళ్ల బొగ్గుపులుసు వాయువు ఉంటుంది. తలుపులు మూసిన గదిలో నలుగురు నిద్రిస్తే తెల్లవారేసరికి అది వెయ్యి దాటడం మామూలే. ఇళ్లలో గోడకు బిగించే ఏసీ గది గాలినే తిప్పి చల్లబరుస్తుంది తప్ప బయటి గాలిని లోపలికి తేదు. వంట గ్యాసు మంట కూడా ఈ వాయువును పెంచుతుంది. హైదరాబాదు వేసవిలో కిటికీలు మూసి ఏసీ వేసినప్పుడు, పండుగ రోజున బంధువులతో హాలు నిండినప్పుడు పీహెచ్ దిగిందంటే చేపలకు జబ్బు చేసిందని కాదు, గదికి గాలి ఆడడం లేదని అర్థం.

దీనిని పరీక్షించడానికి సులువైన మార్గం ఉంది. తొట్టె నుంచి ఒక గ్లాసు నీరు తీసి పీహెచ్ కొలవాలి. ఆ గ్లాసును డాబా మీదికి తీసుకువెళ్లి, చిన్న గాలి పంపుతో గంటసేపు బుడగలు పంపి మళ్లీ కొలవాలి. అంకె బాగా పెరిగితే నీటిలో బొగ్గుపులుసు వాయువు అధికంగా ఉందని తేలుతుంది. మరొక గ్లాసుతో ఇదే పని హాలులో చేయాలి. అక్కడా పెరిగితే తొట్టెలో నీటి కదలిక చాలడం లేదు. అక్కడ పెరగకపోతే దోషం గది గాలిదే.

మొదటి సందర్భంలో పంపు ముఖాన్ని నీటి ఉపరితలం వైపు తిప్పితే చాలు. రెండవ సందర్భంలో రోజూ కొంతసేపు కిటికీ తెరవాలి. ప్రోటీన్ స్కిమ్మర్ ఉన్నవారు దాని గాలి గొట్టాన్ని కిటికీ గుండా బయటికి పెడితే, అది గది గాలికి బదులు ఆరుబయటి గాలిని పీలుస్తుంది. పెద్ద తొట్టెలవారు పక్క అరలో నాచు పెంచి, ప్రధాన దీపం ఆరిన తర్వాత దానికి వెలుతురు ఇస్తే రాత్రిపూట దిగుదల తగ్గుతుంది.

గాలి సరిగా ఉన్నా పీహెచ్ తక్కువగా ఉంటే క్షారతను చూడాలి. దీనిని డీకేహెచ్ అనే కొలతలో చెబుతారు. సముద్రంలో ఇది సుమారు 7, ఇంటి తొట్టెలో 7 నుంచి 11 మధ్య ఉంచుతారు. చేపల వ్యర్థాలను సూక్ష్మజీవులు శుద్ధిచేసే క్రమంలో ఆమ్లం పుట్టి ఈ బలం రోజురోజుకూ కరిగిపోతుంది. మంచి సముద్ర లవణ మిశ్రమాన్ని ఆర్‌ఓ నీటిలో కలిపి క్రమం తప్పక కొంత నీటిని మారుస్తుంటే, చేపలు మాత్రమే ఉన్న తొట్టెకు సాధారణంగా అదే సరిపోతుంది. ఆవిరైన నీటి స్థానంలో మాత్రం ఉప్పునీరు కాక మంచినీరే పోయాలి. ఉప్పు ఆవిరి కాదు కదా!

అప్పటికీ తగ్గితే వంటింట్లోని వంటసోడా పనికొస్తుంది. 100 లీటర్ల నీటికి 3 గ్రాముల వంటసోడా క్షారతను దాదాపు 1 డీకేహెచ్ పెంచుతుంది. ముందుగా ఆర్‌ఓ నీటిలో కరిగించి, నీరు ప్రవహించే చోట నెమ్మదిగా పోయాలి. రోజుకు 1 డీకేహెచ్‌కు మించి పెంచరాదు. కేకులకు వాడే బేకింగ్ పౌడర్‌లో వేరే పదార్థాలు కలుస్తాయి కనుక అది ఎంతమాత్రం పనికిరాదు.

కొందరు సున్నపు తేట వాడతారు. ఊపిరి ఊదితే సున్నపు తేట పాలలా తెల్లబడుతుందని మన పిల్లలు బడిలో చేసిన ప్రయోగమే దీనికి మూలం. నీటిలోని బొగ్గుపులుసు వాయువును అది పట్టి బంధిస్తుంది. కానీ దాని పీహెచ్ 12 దాటుతుంది, కంట పడితే ప్రమాదం. చుక్కచుక్కగా, రాత్రివేళ మాత్రమే వాడదగినది. అనుభవం లేనివారు, చిన్నపిల్లలున్న ఇళ్లవారు దాని జోలికి పోకపోవడమే మంచిది. తాంబూలపు సున్నం, గోడల సున్నం అసలే వాడకూడదు.

పగడపు రాళ్లు వేస్తే పీహెచ్ దానంతట అదే నిలబడుతుందని మరొక మాట ప్రచారంలో ఉంది. 8 దగ్గర ఉన్న ఉప్పునీటిలో ఆ రాయి చెప్పుకోదగినంతగా కరగదు, కరగనిది బలమివ్వదు. పైగా గట్టి పగడాలన్నీ 2001 నుంచి మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టపు రక్షణలో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి ఏరి తేవడం నేరం.

ఇక సీసా మందుల సంగతి. పీహెచ్ పెంచే సీసాల్లో సాధారణంగా ఉండేది ఏదో ఒక క్షారమే. గది గాలి మారనంతవరకు, మందు వేసిన కొన్ని గంటలకే పీహెచ్ మళ్లీ దిగుతుంది. యజమాని మళ్లీ వేస్తాడు. పీహెచ్ ఉన్నచోటే ఉంటుంది, క్షారత మాత్రం ప్రతిసారీ పెరుగుతూ పోతుంది. చివరికి నీటిలోని కాల్షియం సున్నపు పొడిగా విడిపోయి నీరు తెల్లబడుతుంది, పంపులకు గట్టి పొర పడుతుంది. అంతకన్నా ప్రమాదం మరొకటి ఉంది. తొట్టెలో అమ్మోనియా ఉన్నప్పుడు పీహెచ్‌ను ఒక్కసారిగా పెంచితే ఆ అమ్మోనియాలో విషరూపం పాలు ఎక్కువవుతుంది. రక్షించాలని వేసిన మందే చేపను చంపుతుంది. కనుక పీహెచ్‌ను ముట్టుకునే ముందు అమ్మోనియాను పరీక్షించడం తప్పనిసరి.

కొలిచే సాధనం కూడా నమ్మదగినదై ఉండాలి. డిజిటల్ మీటరును 7, 10 అంకెల ప్రమాణ ద్రావణాలతో అప్పుడప్పుడు సరిచూడాలి. సరిచూడని మీటరు మాట నమ్మి నీటిని మార్చడం, తప్పు తూకపు రాయితో సరుకు తూచడం వంటిదే.

సముద్రంలోని చేప తన నీటిని తానే వెతుక్కుంటుంది. మన హాలులోని చేప మనం ఇచ్చిన నీటిలోనే బతకాలి, అందులోనే చావాలి. బంధించి ఉంచిన ప్రాణి మంచిచెడులకు బంధించినవారే జవాబుదారీ అని మనం పిల్లలకు చెబుతాము. ఆ మాట ఈ గాజు గోడల లోపలి ప్రాణికీ వర్తిస్తుంది. అంత ఓపిక, తీరిక లేవనుకున్నవారు ఈ తొట్టె పెట్టకపోవడమే ఉత్తమం.

పెట్టినవారు మాత్రం ఒక నోటు పుస్తకం పిల్లల చేతికివ్వాలి. ఉదయం దీపం వేసే ముందు ఒకసారి, రాత్రి ఆర్పే ముందు ఒకసారి పీహెచ్, వారానికొకసారి క్షారత కొలిచి అందులో రాయించాలి. ఆ రోజు కిటికీ తెరిచారా, అతిథులు వచ్చారా, నీరు మార్చారా అన్నది పక్కనే రాయించాలి. నెల తిరిగేసరికి తొట్టెకు ఏది పడుతుందో, ఏది పడదో ఆ పుస్తకమే చెబుతుంది. అది చూడకుండా సీసా మూత తీయకండి.