కమ్యూనిటీ కాలేజీ పత్రికకు వేరే బహుమతి ఉండాల్సిందే

అమెరికాలో విద్యార్థి పత్రికల గురించి మాట్లాడేవాళ్లలో ఒక అభిప్రాయం బాగా పాతుకుపోయింది. కమ్యూనిటీ కాలేజీ పత్రికలకు విడిగా పోటీలు పెట్టడం, విడిగా బహుమతులివ్వడం జాలితో చేసే పని అట. రాతలో సత్తా ఉంటే నాలుగేళ్ల యూనివర్సిటీ పత్రికలతో తలపడి గెలవాలట, గెలవలేకపోతే ఊరుకోవాలట. వినడానికిది సమంజసంగానే ఉంటుంది. మంచి వార్త ఎవరు రాసినా మంచి వార్తే కదా, అందులో రెండేళ్ల కాలేజీ, నాలుగేళ్ల కాలేజీ అనే తేడా ఎందుకని అడుగుతారు. ఈ వాదన పూర్తిగా తప్పని నేను నమ్ముతున్నాను. ఆ రెండు రకాల పత్రికలు చేసే పని ఒకటి కాదు, వాటికున్న వనరులు ఒకటి కాదు. ఒకే గాటన కట్టి కొలిస్తే ఏది ఓడిపోతుందో ముందే తెలుసు. అలా ఓడిపోయేదే తన ఊరి జనానికి ఎక్కువ అవసరమైన పత్రిక.

ముందు ఆ కాలేజీ ఎలాంటిదో చూద్దాం. ఇలినాయ్‌లోని జోలియట్‌లో 1901లో మొదలైన జూనియర్ కాలేజీని ఈ తరహా ప్రభుత్వ కాలేజీలకు మూలంగా చెబుతారు. ఇప్పుడు దేశమంతటా అలాంటివి వెయ్యి దాకా ఉన్నాయి, ఒక్క కాలిఫోర్నియాలోనే 116. ప్రవేశానికి పోటీ లేదు. ఫీజు తక్కువ. వచ్చిన ప్రతివాళ్లనూ చేర్చుకుంటారు. రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారాలనుకునే పిల్లలు, నర్సింగో వెల్డింగో నేర్చుకుని పనిలో చేరాలనుకునేవాళ్లు, పిల్లలు పెద్దయ్యాక మళ్లీ పుస్తకం పట్టిన తల్లులు, ఇంగ్లీషు కోసం వచ్చిన వలసవాళ్లు ఒకే క్లాసులో కూర్చుంటారు. దేశం మొత్తం మీద వీళ్లలో దాదాపు మూడింట రెండు వంతుల మంది పార్ట్‌టైమ్ విద్యార్థులే. పగలు ఉద్యోగం, సాయంత్రం క్లాసు. హాస్టలు జీవితం చాలామందికి తెలియదు. క్లాసు అయిపోగానే కారెక్కి వెళ్లిపోతారు.

ఇలాంటి చోట పత్రిక నడపడమంటే ఏమిటో ఆలోచించండి. యూనివర్సిటీలో మొదటి ఏడాది విలేఖరిగా చేరినవాడు రెండో ఏడాది డెస్కులో కూర్చుంటాడు, మూడో ఏడాది ఒక విభాగం చూసుకుంటాడు, నాలుగో ఏడాది సంపాదకుడవుతాడు. కిందివాళ్లకు పని నేర్పడానికి పైవాళ్లు ఎప్పుడూ ఉంటారు. కమ్యూనిటీ కాలేజీలో ఆ వరస ఏర్పడడానికే వ్యవధి ఉండదు. బడ్జెట్ కాగితం చదవడం వచ్చి, బోర్డు సమావేశంలో ఎవరు ఎవరి మనిషో అర్థమయ్యే వేళకు విలేఖరికి యూనివర్సిటీకి ట్రాన్స్‌ఫర్ ఉత్తరం వచ్చేస్తుంది. ప్రతి సెమిస్టరులో గది సగం ఖాళీ అయి మళ్లీ కొత్త ముఖాలతో నిండుతుంది. సలహా చెప్పడానికి ఉండేది తరచుగా ఒక్క అధ్యాపకుడు. కొన్నిచోట్ల ఆయన కూడా రెండు మూడు కాలేజీల మధ్య తిరుగుతూ గంటల లెక్కన జీతం తీసుకునే పార్ట్‌టైమ్ లెక్చరరే.

ఇక పోటీల లెక్కకు వద్దాం. ప్రొఫెషనల్ జర్నలిస్టుల సంఘం ఏటా ఇచ్చే మార్క్ ఆఫ్ ఎక్సలెన్స్ బహుమతుల్లో చాలా విభాగాలను కాలేజీ పరిమాణాన్ని బట్టి రెండుగా విడదీశారు. పదివేలు, అంతకు మించి విద్యార్థులుంటే పెద్ద కాలేజీ, లోపయితే చిన్న కాలేజీ. న్యాయంగానే తోస్తుంది. కానీ శాంటా మోనికా కాలేజీని తీసుకోండి. అక్కడ పేరు నమోదు చేసుకున్నవాళ్లు పదివేలను ఎప్పుడో దాటేశారు. కాబట్టి వాళ్ల పత్రిక కోర్సెయిర్ పెద్దల వరసలోకి వెళ్తుంది. కొన్ని మైళ్ల దూరంలో 1919 నుంచి నడుస్తున్న యూసీఎల్‌ఏ పత్రిక డైలీ బ్రూయిన్ కూడా ఆ వరసలోనిదే. తలలు లెక్కపెడితే ఇద్దరూ సమానం. ఆ తలల్లో ఎన్ని రాత్రి పదింటికి న్యూస్‌రూములో ఉండగలవో, ఎన్ని అప్పుడు ఏ దుకాణం కౌంటరు దగ్గర నిలబడి ఉంటాయో మాత్రం ఈ లెక్కకు పట్టదు. అసోసియేటెడ్ కాలేజియేట్ ప్రెస్ ఇస్తున్న పేస్‌మేకర్ బహుమతుల్లో రెండేళ్ల కాలేజీల పత్రికలకు వేరే విభాగం ఉంది. సరైన పద్ధతి అదే. ఈ వేరు పెట్టడాన్నే కొందరు చిన్నతనంగా చూస్తున్నారు.

వనరుల తేడా ఒక్కటే అయితే నేనింత గట్టిగా మాట్లాడేవాణ్ని కాదు. అసలు కారణం కమ్యూనిటీ కాలేజీ పత్రిక కాపలా కాసే చోటు వేరు కావడం. అది చూపించడానికి సౌత్‌వెస్టర్న్ కాలేజీ కథకు మించింది నాకు కనిపించదు.

శాన్ డియేగోకు దక్షిణంగా, మెక్సికో సరిహద్దుకు దగ్గర్లో చూలా విస్టా అనే ఊరుంది. సౌత్‌వెస్టర్న్ అక్కడి కమ్యూనిటీ కాలేజీ. 2008 నవంబరులో ఆ ప్రాంత ఓటర్లు కాలేజీ భవనాల కోసం 38.9 కోట్ల డాలర్ల బాండుకు ఒప్పుకున్నారు. అంత సొమ్ము వచ్చిపడితే కాంట్రాక్టర్లు వాలిపోవడం ఎక్కడైనా ఉన్నదే. కాలేజీలో ఓ పక్క కోర్సులు కోసేస్తున్నారు, మరో పక్క నిరసనలో పాల్గొన్న అధ్యాపకులను ఇంటికి పంపుతున్నారు. విద్యార్థి పత్రిక సన్ ఇవన్నీ రాసింది, యాజమాన్యాన్ని ప్రశ్నించింది. 2010 సెప్టెంబరులో, కాలేజీని పాలించే ట్రస్టీల బోర్డు ఎన్నికలు రెండు నెలల్లో ఉన్నాయనగా, యాజమాన్యం పత్రిక ముద్రణ ఆపేయమంది. ముద్రణ కాంట్రాక్టుకు టెండర్లు పిలవాలనే ఒక పాత నిబంధనను, ఎన్నాళ్లుగానో ఎవరూ పట్టించుకోనిదాన్ని, బయటికి తీసి చూపించింది. విద్యార్థులు వెనక్కి తగ్గలేదు. బయట సొమ్ము కూడగట్టి పత్రిక అచ్చు వేయించారు. ఎన్నికల తర్వాత కాలేజీ అధ్యక్షుడు రాజీనామా చేశారు. 2012లో జిల్లా అటార్నీ కేసులు పెట్టినప్పుడు సౌత్‌వెస్టర్న్‌తో పాటు ఇరుగు పొరుగు పాఠశాల జిల్లాల ట్రస్టీలు, అధికారులు, కాంట్రాక్టర్లు అందులో ఉన్నారు. విందులు, వినోదాలు, కానుకలు ఒకవైపు, నిర్మాణ కాంట్రాక్టులు మరోవైపు. చివరికి చాలామంది నేరం ఒప్పుకున్నారు, ఎక్కువ మంది విషయంలో అభియోగాలు తగ్గించారు. ఆ జిల్లా చరిత్రలో అతిపెద్ద ప్రభుత్వ అవినీతి కేసుల్లో ఒకటిగా దాన్ని చెప్పుకుంటారు.

ఆ కేసంతా విద్యార్థులే బయటపెట్టారని నేననడం లేదు. నగరంలోని దినపత్రికలు కూడా పనిచేశాయి, అటార్నీ కార్యాలయం దర్యాప్తు చేసింది. నేననేది ఇది: ఆ బోర్డు గదిలో నెలనెలా కూర్చుని, ఎవరు ఏం మాట్లాడారో రాసుకుని, మర్నాడు అదే అధికారుల కిందనే చదువుకోవాల్సిన స్థితిలో ఉండి కూడా రాసినవాళ్లు ఇరవై ఏళ్ల పిల్లలు. సన్‌కు పేస్‌మేకర్‌తో సహా జాతీయ స్థాయి గుర్తింపులు ఉన్నాయి. పత్రిక బాధ్యతారహితంగా రాస్తోందని యాజమాన్యం అన్నప్పుడు, బయటి తీర్పరులు ఇదే పత్రికను చదివి ఏమన్నారో చూడండని ఊరివాళ్లకు చూపించే వీలు ఆ పిల్లలకు ఉంది. కమ్యూనిటీ కాలేజీ పత్రికకు బహుమతి అవసరమయ్యేది ఇందుకే. యూనివర్సిటీ పత్రికకు పూర్వ విద్యార్థుల బలగం ఉంటుంది, లాయర్లుంటారు. బర్కిలీలో డైలీ కాలిఫోర్నియన్ 1971లోనే యూనివర్సిటీ నుంచి విడిపోయి తన కాళ్ల మీద నిలబడింది. కమ్యూనిటీ కాలేజీ పత్రికకు ముద్రణ ఖర్చు, గది, కంప్యూటర్లు, అడ్వైజర్ జీతం అన్నీ తాను ప్రశ్నించాల్సిన యాజమాన్యం నుంచే రావాలి.

కాలిఫోర్నియాలో చట్టం కొంత అండగా ఉందనే మాట నిజమే. ప్రభుత్వ కాలేజీల విద్యార్థి పత్రికలను అధికారులు ముందుగా చూసి కత్తిరించకూడదని 2006లో చట్టం చేశారు. విద్యార్థుల పక్షాన నిలబడిన అధ్యాపకుల మీద కక్ష తీర్చుకోకూడదని 2008లో మరో చట్టం వచ్చింది. అయినా వార్తను కత్తిరించకుండానే పత్రికను ఆపవచ్చని 2010లో చూలా విస్టా చూపించింది.

మనవాళ్లకు ఇదంతా ఎక్కడో జరిగే గొడవ అనిపించవచ్చు. కానీ కుపర్టీనో, సన్నీవేల్ ప్రాంతాల్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. వాళ్ల ఊళ్లు ఫుట్‌హిల్-డి యాన్జా కాలేజీ జిల్లా కిందికి వస్తాయి. 2020 మార్చిలో ఆ జిల్లా ఓటర్లు మెజర్ జీ పేరుతో 89.8 కోట్ల డాలర్ల బాండును ఆమోదించారు. రాష్ట్రంలో 2000లో ప్రొపోజిషన్ 39 వచ్చాక ఇలాంటి బాండుకు 55 శాతం ఓట్లు చాలు. ఆ అప్పు తీర్చేది ఇంటి యజమానుల ఆస్తి పన్నే. అంటే ఐటీ ఉద్యోగం చేసుకుని వాయిదాలు కడుతున్న మన అన్నలూ వదినలూ ప్రతి ఏడాదీ ఆ సొమ్ములో తమ వంతు చెల్లిస్తున్నారు. ఆ సొమ్ము ఖర్చును నిర్ణయించేది స్థానికంగా ఎన్నికైన ట్రస్టీల బోర్డు. ఆ బోర్డు సమావేశానికి ఏ దినపత్రిక విలేఖరి క్రమం తప్పకుండా వెళ్తున్నాడు? స్థానిక పత్రికలు కుంచించుకుపోయిన ఈ రోజుల్లో డి యాన్జా విద్యార్థులు నడిపే లా వోజ్ లాంటి పత్రికలే మిగులుతున్నాయి. యూనివర్సిటీ పత్రికకు ఫుట్‌బాల్ జట్టు ఉంది, పరిశోధనల వార్తలున్నాయి. కమ్యూనిటీ కాలేజీ పత్రిక ముందున్నది ఊరి పన్ను సొమ్ము.

మన ఇళ్లలో కమ్యూనిటీ కాలేజీ మీద చిన్నచూపు ఉంది. సీటు రానివాళ్లు వెళ్లే చోటని, అక్కణ్నుంచి బర్కిలీకో యూసీఎల్‌ఏకో మారాక గానీ ఆ సంగతి నలుగురిలో చెప్పుకోలేమని అనుకునే తల్లిదండ్రులున్నారు. బహుమతులను సమర్థించేవాళ్లు కూడా తెలియకుండా ఆ దారిలోనే నడుస్తారు. పీబీఎస్ వార్తల్లో దశాబ్దాలు పనిచేసి, 12 అధ్యక్ష ఎన్నికల చర్చలకు సంధానకర్తగా ఉన్న జిమ్ లేరర్ టెక్సస్‌లోని విక్టోరియా కాలేజీలో చదివాడని గుర్తు చేస్తారు. ఆ ఉదాహరణ నాకు నచ్చదు. తర్వాత ఎక్కడికి ఎదిగాడో చూపించి ఈ కాలేజీ పత్రికకు విలువ కట్టడమంటే, అది వేరే చోటికి చేర్చే దారి మాత్రమేనని ఒప్పుకున్నట్టే. ఈ వారం బోర్డులో ఏం జరిగిందో ఈ వారమే ఊరికి చెప్పిన విద్యార్థి రేపు నర్సు కావచ్చు, ట్రక్కు నడపవచ్చు. ఆ వార్త విలువ అణువంత తగ్గదు.

అందరినీ కలిపేస్తే ప్రమాణం పెరుగుతుందని చెప్పేవాళ్లు హర్స్ట్ ఫౌండేషన్ పోటీల వైపు చూడాలి. 1960లో మొదలైన ఆ పోటీలకు కాలేజీ జర్నలిజంలో గొప్ప ప్రతిష్ఠ ఉంది, మంచి నగదు బహుమతులూ ఉన్నాయి. గుర్తింపు పొందిన యూనివర్సిటీ జర్నలిజం విభాగాల విద్యార్థులే వాటికి అర్హులు. కమ్యూనిటీ కాలేజీ విద్యార్థికి తలుపే తెరవరు. పైమెట్టు మీదవాళ్లు తమ పోటీని తమకే ఉంచుకుంటే ఎవరూ దాన్ని దయ అనరు. కిందివాళ్లు ఒక పోటీ పెట్టుకుంటే మాత్రం ప్రమాణాల మాట వస్తుంది.

ప్రమాణం ఎక్కడుందో కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీల జర్నలిజం సంఘం సమావేశాలు చూపిస్తాయి. అచ్చయిన వార్తలకు ఒక పోటీ ఉంటుంది. దాన్ని మించింది, నా దృష్టిలో, అక్కడికక్కడే రాసే పోటీ. వేర్వేరు కాలేజీల విద్యార్థులు ఒకే వక్త ప్రసంగం వింటారు, ప్రశ్నలడుగుతారు, గడువు లోపల వార్త రాసి ఇచ్చేస్తారు. అడ్వైజర్ దిద్దిపెట్టే వీలుండదు, అయిదుగురు కలిసి మూడు నెలలు మెరుగుపెట్టిన కథనం పనికిరాదు. అప్పుడు చేతిలో ఉన్న పనితనమే కనిపిస్తుంది. నాలుగేళ్ల యూనివర్సిటీల పోటీలు దీన్నుంచి నేర్చుకుంటే బాగుంటుంది.

ఉన్న బహుమతులన్నీ సవ్యంగా ఉన్నాయని నేననను. విభాగాలు మరీ పెరిగిపోయాయి. ఎంట్రీకి ఫీజు కట్టాల్సి రావడంతో డబ్బున్న కాలేజీ ఎక్కువ పంపి ఎక్కువ గెలుస్తుంది. గోడ మీది ఫలకాలను లెక్కపెట్టి బాగా నడుస్తోందని మురిసిపోయే డీన్లున్నారు, ఆ ఫలకాల కోసం సంచికలను అలంకరించే అడ్వైజర్లూ ఉన్నారు. ఫొటో, డిజైన్, ఫీచర్ల మీద పడే చూపు బోర్డు సమావేశం వార్త మీద పడదు. అది చప్పగా ఉంటుంది, దాన్ని ఎవరూ ఎంపిక చేసి పంపరు. దిద్దాల్సింది ఇక్కడ. రెండేళ్ల కాలేజీల పోటీల్లో ట్రస్టీల బోర్డు వార్తలకు ఒక విభాగం పెట్టాలి. ఏరి కూర్చిన ఒక్క కథనాన్ని కాక, ఆ విద్యా సంవత్సరంలో బోర్డు మీద పత్రిక రాసినవన్నీ, దిద్దుబాట్లతో సహా, వరసగా తెప్పించుకుని చదవాలి. ఏయే సమావేశాలకు విలేఖరి వెళ్లలేదో కూడా అడగాలి. సిటీ కౌన్సిళ్లను, స్కూలు బోర్డులను ఏళ్ల తరబడి రాసిన విలేఖరులను తీర్పరులుగా పెట్టాలి. ఆ విభాగానికి ఎంట్రీ ఫీజు ఉండకూడదు. ఫలితాన్ని కాలేజీకి పంపడంతో ఆపకుండా ఆ జిల్లా ఓటర్లకు అందేలా ప్రకటించాలి.