పొగగొట్టం ఎత్తు పెంచితే పొగ పోతుందా?



ఆమ్ల వర్షం అనగానే చాలామంది, "ఆ వానలో తడిస్తే ఒళ్లు కాలుతుందా?" అని అడుగుతారు. కాలదు. మామూలు వాననీటిలోనే కొద్దిగా ఆమ్ల గుణము ఉంటుంది, దాని పి.హెచ్. విలువ సుమారు 5.6. అంతకంటే తగ్గితే ఆమ్ల వర్షం అంటారు. మనము భయపడవలసింది ఆ వానకు కాదు, దానికి కారణమైన పొగకు.

బొగ్గు, డీజిలు మండినప్పుడు సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు వెలువడతాయి. ఇవి గాలిలోని తేమతో కలిసి గంధకామ్లము, నత్రికామ్లముగా మారి వానతో పాటు కిందికి దిగుతాయి. ఆమ్లం ఎక్కువైతే చెరువులో చేపగుడ్లు పిల్లలు కావు, నేలలోని కాల్షియం కొట్టుకుపోతుంది, పాలరాతి కట్టడాలు అరిగిపోతాయి. వాన పడకముందే అదే వాయువు మన ఊపిరిలోకి వెళ్తుంది. ఆస్తమా ఉన్నవారికి కొద్ది నిమిషాల్లోనే శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. గాలిలో అది సన్నని సల్ఫేటు రేణువులుగా మారి ఊపిరితిత్తుల లోతుకు చేరుతుంది. గుండెకు కూడా చేటు చేస్తుంది.

1952 డిసెంబరులో లండన్ నగరాన్ని ఐదు రోజులు కమ్మిన పొగమంచుకు సుమారు 4,000 మంది చనిపోయారని అప్పట్లో లెక్క కట్టారు. ఆ తరువాతి కాలంలో బ్రిటన్‌లో విద్యుత్ కేంద్రాలకు ఎత్తైన పొగగొట్టాలు కట్టారు. పొగ ఊరు దాటింది, సముద్రం కూడా దాటింది. నార్వే, స్వీడన్ సరస్సుల్లో చేపలు చచ్చిపోయాయి. ఇతర దేశాల పొగే తమ నీళ్లను పాడు చేస్తోందని 1967లో స్వీడన్ శాస్త్రవేత్త స్వాంటే ఓడెన్ బయటపెట్టారు. పొగలోని గంధకాన్ని తగ్గించిన తరువాతే ఆ సరస్సులు కోలుకోసాగాయి.

మన దేశంలో 2015 డిసెంబరులో బొగ్గు విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్‌కు పరిమితి విధించారు. పొగను సున్నపురాయితో కడిగే యంత్రాలు పెట్టవలసి ఉండగా, గడువు పలుమార్లు పొడిగించారు. చివరకు 2025 జూలైలో, పెద్ద నగరాలకు దూరంగా ఉన్న యూనిట్లకు, అంటే మొత్తంలో నాలుగింట మూడు వంతులకు పైగా, పొగగొట్టం నిర్ణీత ఎత్తులో ఉంటే చాలునని మినహాయింపు ఇచ్చారు.

మన బొగ్గులో గంధకం తక్కువ, యంత్రాల ఖర్చు ఎక్కువ అన్న వాదన ఉంది. అది నిజమే. మన దుమ్ములోని సున్నపు గుణము వాననీటి ఆమ్లాన్ని కొంత విరుస్తుందన్నదీ నిజమే. అయినా 1987 నుండి 2021 వరకు వాననీటిని పరీక్షించిన శాస్త్రవేత్తలు విశాఖపట్నంతో సహా కొన్ని చోట్ల ఆమ్ల గుణము పెరుగుతోందని గమనించారు. పైగా దుమ్ము వాననీటిని కాపాడినా, మన ఊపిరిని కాపాడలేదు. నగరానికి దూరంగా ఉన్న పల్లెవాసి ఊపిరితిత్తులు మాత్రం వేరుగా ఉంటాయా?

కరెంటు వద్దని మేము అనడం లేదు. ఆసుపత్రిలో ఆక్సిజన్ యంత్రం నడిచేది కూడా కరెంటుతోనే. పొగను కడగమని మాత్రమే అడుగుతున్నాము. మీ ప్రాంతంలో విద్యుత్ కేంద్రం విస్తరణకు ప్రజాభిప్రాయ సేకరణ జరిగితే తప్పక వెళ్లండి, "పొగను కడిగే యంత్రం పెడతారా?" అని అడగండి. మన వంతుగా చెత్త, ప్లాస్టిక్ తగలబెట్టడం మానుదాము.

వాన దేవుడు అందరికీ ఇచ్చిన వరము. దానిని పాడు చేసి పొరుగువాని మీదికి పంపడం మనకు తగదు.