ఊరు కట్టుటకు తొందరేల?

గత సంవత్సరము పాలకవర్గ సమావేశము ముగిసి అందరును తేనీరు సేవించుచుండగా, ఒక పెద్దలు నన్ను ప్రక్కకు పిలిచి అడిగిరి: "లెక్చరర్ సాబ్, సాయంత్రం పూట కంప్యూటర్ గదిలో మన పిల్లలు ఏనుగుల వేట ఆడుతున్నారట. మీరు కూడా వాళ్ళ పక్కన కూర్చుంటున్నారని విన్నాను. నిజమేనా?"

నిజమే. అవి ఏనుగులు కావు, మామత్‌లు అని మాత్రము సవరించి, తక్కిన సమాధానమును వార్షిక సంచికలో వ్రాసెదనని మనవి చేసికొంటిని. ఆ మాట చెల్లించుకొనుటకే ఈ నాలుగు పుటలు.

ఆ ఆట పేరు ‘హ్యూమన్‌కైండ్’. ప్యారిస్ నగరమందలి యాంప్లిట్యూడ్ స్టూడియోస్ వారు రూపొందింపగా, సెగా సంస్థ 2021 ఆగస్టు 17న విడుదల చేసినది. నాగరికతలను నిర్మించు ఆటలకు ఒరవడి దిద్దినది 1991 నాటి సిడ్ మెయర్ ‘సివిలిజేషన్’. అందు కథ క్రీ.పూ. 4000తో ఆరంభమగును. ఆటగాడు కన్ను తెరచుసరికే వలసకారులు సిద్ధముగా నిలిచియుందురు. మొదటి వంతులోనే వారిచేత ఊరు కట్టించుట ఆనవాయితీ. ‘హ్యూమన్‌కైండ్’ అట్లు కాదు. ఊరికి ముందున్న కాలమును, అనగా నవశిలాయుగమును, అది ఒక ప్రత్యేక ఘట్టముగా నిలిపినది. పొలము లేదు, కోట లేదు, రాజు లేడు. విశాలమైన పటముపై ఒకే ఒక గుంపు నిలిచి మన ఆజ్ఞకై ఎదురుచూచుచుండును.

ఆట మొత్తములో ఈ ఘట్టము అతి స్వల్పము. అయినను విద్యార్థి నేర్వదగినది ప్రధానముగా ఇక్కడనే కలదని నా అభిప్రాయము. మన విద్యార్థులు సరిగా దీనినే కాలితో త్రోసివేసి ముందుకు పరుగెత్తుచున్నారు.

ఘట్టపు పద్ధతి సులభమే. గుంపు తిరుగుచు, నేలపై అక్కడక్కడ కానవచ్చు గుర్తులను చేరినచో ఆహారమో, విజ్ఞానమో, పలుకుబడియో దక్కును. జింకలను, మామత్‌లను వేటాడినచో మరింత ఆహారము లభించును. ఆహారము తగినంత కూడినప్పుడెల్ల ఒక కొత్త దళము పుట్టును. జనసంఖ్య ఐదు దళములకు పెరిగినచో ఒక యుగతార, వేటకు ఒకటి, విజ్ఞానసేకరణకు ఇంకొకటి. మూడింటిలో ఏ ఒక్కటి చేజిక్కినను ప్రాచీనయుగపు ద్వారము తెరచుకొనును. అప్పుడు పది సంస్కృతులలో ఒకదానిని వరించి, అంతకుముందు వేసిన మకామును ఊరుగా మార్చుకొనవచ్చును.

తొందర ఇక్కడనే పుట్టుచున్నది. ఆ పదింటిలో ఒకరు ఎన్నుకొన్నది మరియొకరికి దక్కదు. ఆహారసమృద్ధి గల హరప్పాను కోరువారు కలరు, నిర్మాణశక్తి గల ఈజిప్టును కోరువారు కలరు, విజ్ఞానమునకు బాబిలోను, యుద్ధమునకు హిట్టైటులు. ఆలస్యము చేసినచో పొరుగువాడు ఎగరవేసికొనిపోవునను భయము. రైల్వే రిజర్వేషను కిటికీ యెదుట నిలిచినవాని గుండెదడ వంటిది ఇది.

నేనును ఆ దడకు లొంగితిని. మొదటిసారి ఆడినప్పుడు, పది పన్నెండు వంతులలోనే తార దక్కగా, ఈజిప్టు నాది కావలెనను ఆత్రముతో గడప దాటితిని. ఈజిప్టు దక్కినది. కాని నా మకాము ఉన్న చోట నది లేదు, ఆహారము అంతంతమాత్రము. ఊరు కట్టుకొని, ఆ ఊరిలో జనము పెరుగుటకై చేతులు ముడుచుకొని కూర్చుంటిని. నా ప్రక్కనున్న ద్వితీయ సంవత్సరపు విద్యార్థి మరి ఏడెనిమిది వంతులు తిరిగి, పది దళములతో, రెండు మంచి మకాములతో వచ్చెను. అతనికి మిగిలినది అతడు కోరిన సంస్కృతి కాదు. అయినను రెండవ యుగము నాటికి అతని యెదుట నేను నిలువలేకపోతిని. గురువు ఓటమిని విద్యార్థిలోకము ఎంత వేగముగా ప్రచారము చేయునో చెప్పనక్కరలేదు.

ఆ ఓటమినుండి గ్రహించినది చెప్పెదను. మొదటిది, గుంపును ఒకే ముద్దగా నడపరాదు. దళము పుట్టినవెంటనే విడదీసి వేర్వేరు దిక్కులకు పంపినచో కనులు రెట్టింపగును, దొరకు ఆహారమును రెట్టింపగును. అయితే మామత్ ఎదురైన తావున ఒంటరి దళమును ఉసిగొల్పుట తెలివి కాదు. రెండు మూడు దళములు తిరిగి కలిసికొనవలెను. విడిపోవుట, కలిసికొనుట, మరల విడిపోవుట, ఈ లయ చేతికి వచ్చువరకు ఆట వచ్చినట్లు కాదు. రెండవది, మకాము. ఒక్కొక్క భూభాగమునకు ఒక్క మకామే చెల్లును. దానికి పలుకుబడి ఖర్చగును. భూభాగములు పెరిగినకొలది ఆ ఖర్చును పెరుగును. కావున మొదటి మకాము మొదట కనబడిన చోట కాక, నదియు, ఆహారమును, నిర్మాణమునకు వలయు అడవియో కొండయో చేరువనున్న చోట వేయవలెను. అట్టి చోటు కనుగొనుటకు తిరుగుట తప్ప మార్గము లేదు. మూడవది చాలమంది యెరుగనిది. యుగము మారగానే మన దళములన్నియు వేగులుగా మారిపోవును. ఆ వేగులను ఊరి పరిధిలోనికి తెచ్చి విడుదల చేసినచో వారు ఊరి జనములో చేరుదురు. అనగా తిరుగుచు గడపిన వంతులు వ్యర్థము కావు. అవి రేపటి ఊరికి నేడు కూడబెట్టిన మనుష్యులు.

మన పల్లెల పులిజూదము ఆడినవారికి ఈ విషయము కొత్త కాదు. మూడు పులులకు పదునైదు మేకలు. మేకలనన్నిటిని పలకపై పెట్టువరకు ఒక్క మేకను కదపరాదు. ఆ పెట్టుటలోనే సగము జూదము తేలిపోవును. పులికి ఎదురు పెట్టుటకు ఉబలాటపడువాడు మేకలను పోగొట్టుకొనును; అంచులు కాచుకొని నింపుకొని వచ్చువాడు పులిని కట్టివేయును.

అయితే ఎంతకాలము తిరుగవలెను? తుదివరకు తిరుగుట పరిష్కారము కాదు. పొరుగువారు ఊళ్ళు కట్టి, మనకు కావలసిన భూభాగములను ఆక్రమించుచుండగా పండ్లు ఏరుకొనుచుండుట మూర్ఖత్వము. కోరిన సంస్కృతి చేజారుట నిజమైన నష్టమే, దానిని నేను చిన్నది చేసి చెప్పుటలేదు. కాని హరప్పా పోయినచో తక్కినవాటిలో ఒకటి మిగులును. జనము లేని ఊరికి ఏ సంస్కృతి పేరు పెట్టినను ప్రయోజనమేమి?

ఇంతవరకు ఆటను మెచ్చితిని. ఇక దానితో నా తగవు చెప్పవలెను. ఈ తగవు నాకు తోచినది కాదు, మా హాస్టలులోని ఒక విద్యార్థి తెచ్చినది. గొర్రెలకాపరుల కుటుంబమునుండి వచ్చిన ఆ బాలుడు ఒకనాటి సాయంత్రము చాలసేపు మౌనముగా ఆట చూచి, ఇట్లనెను: "సార్, మా తాతలు ఏడాదిల సగం దినాలు గొర్రెలను తోలుకొని అడవిలనే ఉండెటోళ్ళు. ఈ ఆటల ఊరు కట్టనోళ్ళంటే ఓడిపోయినోళ్ళేనా?"

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆట లెక్క ప్రకారము అవుననియే చెప్పవలెను. ఊరు కట్టనివానికి ఆ ఆటలో భవిష్యత్తు లేదు. సంచారము ముందుమాట, ఊరు అసలు గ్రంథము. ఈ భావము ఆట కల్పించినది కాదు. గోర్డన్ చైల్డ్ 1936లో వెలువరించిన గ్రంథముతో ప్రచారమునకు వచ్చిన ‘నవశిలాయుగ విప్లవము’ అను మాట మన పాఠ్యపుస్తకములందు ఈనాటికిని నిలిచియున్నది. సేద్యము వచ్చినది, ఊరు వచ్చినది, మానవుడు మెట్టెక్కినాడు అని బాలురు వల్లెవేయుచున్నారు. కాని పండితులు ఆ మెట్టును శంకించి చాలకాలమైనది. వేటాడి ఏరుకొని బ్రదికినవారే తొలి సంపన్నసమాజమని మార్షల్ సాలిన్స్ 1966లోనే వాదించెను. టర్కీలోని గోబెక్లి తెపెలో క్లౌస్ ష్మిత్ 1995నుండి జరిపిన త్రవ్వకములలో బయల్పడిన మహాశిలాస్తంభములు సుమారు పదకొండు వేల యేండ్ల నాటివి. వాటిని నిలిపినవారు అడవిమృగములను వేటాడి, అడవిగింజలను ఏరి తిన్నవారు. ఆటలోనో, నవశిలాయుగపు గుంపు మకాము కంటె పెద్దదానిని కట్టజాలదు.

అంత దూరము పోనేల? మన పాలమూరు సీమలో, మక్తల్ ప్రాంతమున ఉట్నూరు కలదు. ఆదిలాబాదు ఉట్నూరు కాదు, ఇది వేరు. అచ్చటి బూడిదదిబ్బను 1957లో రేమండ్ ఆల్చిన్ త్రవ్వించెను. దక్కను పీఠభూమిపై ఇట్టి దిబ్బలు అనేకములు కలవు. జనులు వాటిని పురాణపురుషుల చితాభస్మమని చెప్పుకొనుచుండిరి. హంపీ చెంత నింబాపురపు దిబ్బ వాలి దహనమైన చోటని ప్రతీతి. ఆల్చిన్ చూపినది వేరు. మొద్దులు పాతిన కంచెల ఆనవాళ్ళు, ఆ కంచెలలోపల పశువుల గిట్టల గుర్తులు, పేరుకొన్న పేడను మరల మరల కాల్చగా ఏర్పడిన బూడిద. అది క్రీ.పూ. మూడవ సహస్రాబ్ది నాటి పశుపాలకుల దొడ్డి. ఆయన 1963లో ప్రకటించిన గ్రంథము ఈ పశుపాలకులను గూర్చినదే.

వారు సేద్యము ఎరుగనివారు కారు. దక్షిణాపథపు నవశిలాయుగ స్థలములందు ఉలవలు, పెసలు, అండుకొర్రలు దొరకినవి. ఆ జనులు పైరు వేసిరి, మందను మేపిరి, ఋతువును బట్టి కదలిరి, మరల అదే దొడ్డికి వచ్చిరి. తరతరములు అట్లు బ్రదికి, నగరము కట్టకయే ఒక జీవనవిధానమును నిలుపుకొనిరి. మనము నేటికిని తిను ఉలవచారు వెనుక వారి చేయి కలదు. ఆ పది సంస్కృతుల పట్టికలో వారికి చోటు లేదు. మూడు తారలలోను ఒకటి మందకు కేటాయింపబడలేదు.

మరునాడు ఆ విద్యార్థికి ఈ సంగతి చెప్పితిని. అతడు వినిన పిమ్మట, "అయితే సార్, మందకొక తార పెట్టాలె" అనెను. ఆట నిర్మాతలకు ఇంతకంటె మంచి సలహా ఇచ్చువారుందురని తోచదు.

ఇక పాలకవర్గపు పెద్దలకు నా సమాధానము. మన పిల్లలు వేటాడుచున్న మాట నిజము, నేను ప్రక్కన కూర్చుండుటయు నిజము. ఆటను మాన్పింపవలదని నా మనవి. వారమునకు రెండు సాయంత్రములు, సంధ్యాసమయము దాటకుండ, చరిత్ర అధ్యాపకుల యెదుట ఆడనిండు. దానితోపాటు ఆల్చిన్ గ్రంథములు రెండును, ఉట్నూరు త్రవ్వకముల నివేదికయు, పశుపాలకులను గూర్చిన గ్రంథమును, మన గ్రంథాలయమునకు తెప్పింపవలెనని కోరుచున్నాను. దరఖాస్తు ఇదివరకే ఆఫీసునందు ఇచ్చియున్నాను.