పాలసీసా మీది పిట్ట

"చచ్చినవాని కండ్లు చారెడు" అని మన సామెత. ఉన్నంతకాలం ఎవరూ తేరిపార చూడని కన్నులు మనిషి పోయిన మరునాటి నుండి విశాలనేత్రాలైపోతాయి. వస్తువులకూ ఇదే మర్యాద దక్కుతుందని 2012లో లీసెస్టరు నగరంలో మా అబ్బాయి ఇంట మూడు మాసాలు గడిపినప్పుడు గ్రహించాను.

ప్రక్కింట ఒక ఆంగ్ల వృద్ధురాలు ఉండేవారు. సాయంవేళ కంచెకు అటు ఆమె, ఇటు నేను. నాది బడిపంతులు ఇంగ్లీషు. ఆమెది మిక్కిలి ఓర్పు. ఆమె చిన్ననాట తెల్లవారకముందే విద్యుత్తుతో నడిచే పాలబండి పెద్దగా చప్పుడు చేయకుండా వీధిలోకి వచ్చేదట. గుమ్మంలో నిండు సీసాలుంచి, కడిగిపెట్టిన ఖాళీ సీసాలు పట్టుకుపోయేవారట. అవే మళ్ళీ నిండి వచ్చేవి. సీసా మెడలో మీగడ తేరుకొని ఉండేది. ఇంటివారు లేచేలోగా బ్లూ టిట్ అనే చిట్టి పిట్ట మూతను ముక్కుతో చీల్చి మీగడ ఆరగించి పోయేది!

ఇది ముసలమ్మ కట్టుకథ కాదు. పిట్టల ఈ చౌర్యవిద్యను 1921లో సౌతాంప్టన్ ప్రాంతాన తొలిసారి గమనించారని, తరువాత అది దేశంలో అనేకచోట్లకు ప్రాకిందని ఫిషర్, హైండ్ అనే శాస్త్రజ్ఞులు 1949లో వ్యాసం ప్రకటించారు. కాలక్రమాన జనం పెద్ద అంగళ్ళలో ప్లాస్టిక్ డబ్బాల పాలకు అలవాటు పడ్డారు. మీగడ పైకి తేలకుండా పాలను కలిపివేసే పద్ధతి వచ్చింది. పిట్టకు తన విద్యతో పని లేకపోయింది. ఒక వస్తువు పోతే దానితోపాటు ఎన్ని పోతాయో చూడండి.

ఆమె మాటలలో నాణేలూ మ్రోగేవి. పన్నెండు పెన్నీలు ఒక షిల్లింగు, ఇరవై షిల్లింగులు ఒక పౌను. వెరసి పౌనుకు 240 పెన్నీలు. 1971 ఫిబ్రవరి 15న ఈ లెక్క రద్దయి పౌనుకు నూరు పెన్నీలైనాయి. అయినా తెలివి కాస్త తక్కువైన వానిని "నిండు షిల్లింగు కాదు" అనడం అక్కడ మానలేదు. మనకు 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చాయి; అణా పోయింది. "పదహారణాల తెలుగుపిల్ల" మాత్రం నిక్షేపంగా ఉన్నది. నాణెం చెల్లకపోయినా మాట చెల్లుతుంది. భాష చెప్పుకొని బ్రతికినవానికి ఇంతకన్న సంతోషమేమున్నది?

ఆ సంతోషంతోనే ఉద్యానవనంలో పరిచయమైన ఒక పంజాబీ పెద్దమనిషికి ఇదంతా వర్ణించాను. ఆయన 1963లో ఆ దేశం వచ్చి ఇనుప పోతపని చేసినవారు. అంతా విని నెమ్మదిగా అన్నారు:

"మాస్టర్జీ, ఆ పాలసీసాలు నేనూ చూశాను. గుమ్మం ప్రక్క కిటికీలో ఏముండేదో ఆమె చెప్పిందా?"

కిటికీలో అట్టముక్క ఉండేదట. గది అద్దెకు కలదని, తెల్లవారు కానివారు అడుగనక్కరలేదని దాని సారాంశం. 1965లో వర్ణవివక్షను నిషేధిస్తూ అక్కడ తొలి చట్టం వచ్చింది గాని అది ఇళ్ళ జోలికి పోలేదు. అద్దె ఇండ్లలో, ఉద్యోగాలలో వివక్ష చట్టవిరుద్ధం కావడానికి 1968 దాకా ఆగవలసి వచ్చింది. ఆలోచిస్తే ఆ అట్టముక్క కూడా నిత్యజీవిత వస్తువే, అదీ మాయమైనదే. దానికై బెంగపడుతూ ఎవరూ వ్యాసాలు వ్రాయరు.

ఆ వృద్ధురాలు అబద్ధం చెప్పలేదు. ఆమె ఆ తలుపుకు లోపలి పసిపిల్ల. ఆయన బయట నిలుచున్న మనిషి. తలుపు ఒక్కటే.

ఇంటింటా వెలిగే బొగ్గుకుంపటిని కూడా ఆమె ముచ్చటగా తలచుకునేవారు. ఆ పొగయే 1952 డిసెంబరులో మంచుతో కలిసి లండను మీద ఐదు దినాలు క్రమ్మింది. నాలుగు వేలమంది మరణించారని నాటి అంచనా. తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను ఇంకా పెంచారు. 1956లో గాలిశుద్ధి చట్టం వచ్చింది. కుంపటి చల్లారినందుకు విచారించనా?

గతాన్ని తలచుకోవద్దని నా అభిప్రాయం కాదు. తిరిగి నిండే గాజుసీసా, చప్పుడు చేయని విద్యుత్తుబండి నేటి తెలివికి కూడా పాఠాలే. వాటిని పిలిచి పీట వేయాలి. కాని ఏ పాతవస్తువును పొగడేటప్పుడైనా, దానికి బయట నిలబడినదెవరని ఒకమారు అడగాలి. లేకుంటే మన బెంగ చారెడు కండ్లు పెట్టుకొని కూడా చూపు లేనిదవుతుంది.

ఇది పరదేశం వారికి చెప్పే నీతి కాదు. తరగతిలో "మా ఊరి బావి" అని ఏటేటా వ్యాసం వ్రాయించినవాడిని నేను. ఆ నీటి తీపిని నల్లబల్ల మీద ఎంతో వర్ణించాను. తాతలను ఆ బావిగట్టు ఎక్కనివ్వని వాడల పిల్లలూ వెనుక వరుసలో కూర్చొని బుద్ధిగా నా వాక్యాలే వ్రాసుకున్నారు. వారికి మార్కులు వేశాను. మీ ఇళ్ళలో ఆ బావిని గురించి ఏమి చెప్పుకుంటారని మాత్రం ఒక్కనాడూ అడుగలేదు.

ఆ ప్రశ్న అడగాలని తోచేనాటికి పదవీ విరమణ అయిపోయింది. మీలో ఇంకా బడిలో ఉన్నవారు అడగండి.