మావోడి కంప్యూటర్ ఆటలో ఆఖరి యుద్ధం



ఈ వారం సుడిదోమ గురించి రాస్తానని చెప్పాను. అది వచ్చే వారం రాస్తాను. ఈరోజు ఒక కంప్యూటర్ ఆట గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, కాకపోతే మొత్తం చదివాక నవ్వండి.

దసరా సెలవులకి మా అబ్బాయి ఇంటికొచ్చాడు. బీటెక్ ఆఖరి సంవత్సరం. ఆ సాయంత్రం "పల్లపు మడి గట్టుకి ఎలకలు బొరియలు పెట్టాయేమో, ఓసారి చూసి రారా" అన్నాను. "పది నిమిషాలు నాన్నా, ఫైనల్ బాస్ దగ్గరున్నాను" అన్నాడు. ఉద్యోగం రాకముందే వీడికి బాస్ ఏటి అనుకుంటూ వెనక్కెళ్లి నిలబడ్డాను. తిట్టడానికే వెళ్లాను. తీరా చూస్తే అరగంట అక్కడినుంచి కదల్లేదు.

ముందుగా ఒక మాట. ఫోన్లో డబ్బులు పెట్టి ఆడే రమ్మీ, పేకాటల గురించి నేను చెప్పటం లేదు. వాటిని మన రాష్ట్రంలో 2020లోనే నిషేధించారు, అది మంచి పనే. కానీ పిల్లోడు కంప్యూటర్ ముందు కూర్చుంటే చాలు అన్నీ ఒక గాటన కట్టేసి "ఆటలు, నాశనం" అంటున్నాం. నేనూ అలాగే అన్నాను. ఇప్పుడు అనలేను.

ఆ ఆట పేరు పోర్టల్ 2. అమెరికాలో వాల్వ్ అనే కంపెనీ 2011లో తెచ్చింది. దానికి ముందు 2007లో పోర్టల్ అని మొదటిది వచ్చింది. గెంతాలి, దూకాలి, కానీ గెంతే ముందు బుర్ర పెట్టాలి. పాత ఆట కాబట్టి మావోడి సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లో కూడా నడుస్తుంది.

అందులో మనం ఒక అమ్మాయిని నడిపించాలి. పేరు చెల్. నా చెవికి చెల్లి అన్నట్టే వినిపించింది, అందుకని చెల్లి అనే రాస్తాను. ఆట మొత్తం మీద ఆ పిల్ల ఒక్క మాట మాట్లాడదు. చేతిలో తుపాకీ లాంటిది ఉంటుంది గానీ అందులో తూటాలు లేవు. గోడ మీద కొడితే నీలం రంగు కన్నం పడుతుంది, ఇంకో గోడ మీద కొడితే నారింజ రంగు కన్నం పడుతుంది. ఈ కన్నంలో దూరితే ఆ కన్నంలోంచి బయటపడతాం. చెరువు మదుంలో పడిన కర్ర అవతల కాలవలో తేలినట్టు. పైగా ఎంత జోరుగా పడితే అంత జోరుగా అటు తేలతాం. అయితే అన్ని గోడలకీ కన్నం పడదు. తెల్లగా ఉన్న చోటే పడుతుంది. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

భూమి లోపల ఒక పెద్ద పరిశోధన కేంద్రంలో చెల్లి చిక్కుకుపోయింది. దాన్ని ఏలేది గ్లాడోస్ అనే యంత్రం. ఆడగొంతు, గయ్యాళి నోరు. మొదటి ఆటలో ఆఖరి యుద్ధం దాంతోనే. అది విషవాయువు వదులుతుంది, గడియారం తిరిగిపోతుంటుంది, దాన్ని కొట్టడానికి మన దగ్గర ఏమీ ఉండదు. అక్కడే ఒక యంత్రం మన మీదకి రాకెట్లు వేస్తుంటుంది. ఆ రాకెట్‌నే ఒక కన్నంలోకి రప్పించి ఇంకో కన్నంలోంచి గ్లాడోస్‌కి తగిలేలా చెయ్యాలి. దాని ఒంటి నుంచి ఊడిపడ్డ గోళాల్ని తీసుకెళ్లి మండుతున్న కొలిమిలో పడెయ్యాలి.

ఈ యుద్ధాన్ని మొదట ఇలా చెయ్యలేదట. చేతివేగం బాగా ఉన్నవాడే గెలిచేలా కట్టారట. ముందుగా కొందరి చేత ఆడించి చూస్తే, అప్పటిదాకా నెమ్మదిగా ఆలోచించి ఆడుతూ వచ్చినవాళ్లు అక్కడ బోల్తా పడ్డారు. దాంతో అది తీసేసి, తేలికైన చిక్కుముడి ఒకటి పెట్టి, పక్కన గడియారం పెట్టారు. ఇది మావోడు చెప్పిన సంగతుల్లో నాకు బాగా నచ్చింది. ఏడాదంతా లెక్కలు చెప్పి పరీక్ష రోజున పరుగుపందెం పెడితే ఏం న్యాయం? నేర్పినదాంట్లోనే పరీక్ష పెట్టాలి. చివర్లో రాక్షసుడికి ఇంత రక్తం, మన తుపాకీకి ఇన్ని తూటాలు, ఎవడిది ముందు అయిపోతే వాడు ఓడిపోయాడు అనే ఆటలూ ఉన్నాయి. అలాంటి ఆటలో ఆఖరి యుద్ధం చూసినా ఒకటే, చూడకపోయినా ఒకటే.

రెండో ఆటలో బాస్ వేరు. వీట్లీ అని గుండ్రటి చిన్న యంత్రం, ఒంటి కన్ను. మొదట్లో చెల్లిని నిద్రలేపి, దారి చూపించి, గలగలా మాట్లాడుతూ వెంట తిరిగేది వాడే. గ్లాడోస్‌ని దింపి వీట్లీని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా మన చెల్లే. కూర్చున్న పూటే వాడి బుద్ధి మారిపోయింది. ఎక్కించిన పిల్లనే పాతాళంలోకి తోసేశాడు. ఇది మనకి తెలియని కథేమీ కాదు. పేర్లు నేను రాయను, మీ ఊరికి సరిపోయే పేరు మీరే పెట్టుకోండి.

దిగిపోయిన గ్లాడోస్‌ని వాడు ఏం చేశాడో తెలుసా? బంగాళాదుంపలో పెట్టాడు. నిజంగానే. దుంపకి రెండు రకాల లోహపు ముక్కలు గుచ్చితే కాస్త కరెంటు వస్తుందని మనం బళ్లో చదువుకున్నదే. అంత మహా యంత్రం ఒక దుంప ఇచ్చే ఒక వోల్టు పైచిలుకు కరెంటు మీద బతుకుతూ, చెల్లి తుపాకీకి గుచ్చుకుని ఊరేగింది. నిన్నటి శత్రువు ఈరోజు సాయం.

ఇక ఆఖరి యుద్ధం. వీట్లీ తెలివితక్కువవాడే గానీ ఆ రోజు ముందుజాగ్రత్త పడ్డాడు. గ్లాడోస్ ఎలా ఓడిపోయిందో మొత్తం చూసుకున్నాడు. చూసుకుని నాలుగు ఏర్పాట్లు చేశాడు. కన్నం పడే తెల్లగోడ ఒక్కటీ లేకుండా చేశాడు. విషవాయువు మొదటి నిమిషం నుంచే వదిలాడు. బాంబులకి తట్టుకునే డాళ్లు చుట్టూ పెట్టుకున్నాడు. నాలుగోది, చెల్లి మీద విసరడానికి బాంబులు.

అది చూసి నాకు తిత్లీ గుర్తొచ్చింది.

2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ ఎలాగైపోయిందో అందరం చూశాం. గాలి, కరెంటు లేకపోవటం, తాగడానికి నీళ్లు లేకపోవటం. అందుకని 2018లో తిత్లీ వస్తోందనగానే మా ఊళ్లో అందరం వీట్లీ లాగే తయారైపోయాం. పాక మీద తాళ్లు బిగించాం, డ్రమ్ములు నింపాం, కొవ్వొత్తులు తెచ్చాం, గొడ్లని విప్పి మెరకకి తోలాం. అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు ఎలా పడిపోయాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మాది వంశధార పక్క, మాకు గాలి అంత లేదు. హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత పైనుంచి నీరొచ్చింది. వంశధార నిండిపోయి గెడ్డ నీరు దిగే దారిలేక వెనక్కి తన్నింది. వరి ఈనిక మీద ఉంది. వెన్ను మునిగిపోయింది. గాలికి అన్నీ సిద్ధం చేసుకున్నాం, నీటికి ఏదీ చేసుకోలేదు. పోయిన ఏడాది పురుగుకి ఈ ఏడాది మందు కొట్టినట్టు.

వీట్లీకీ అంతే అయింది. గోడలన్నీ చూసుకున్నాడు గానీ గది మధ్యలోంచి వెళ్తున్న గొట్టం చూసుకోలేదు. దాంట్లో తెల్లటి జిగురు ద్రవం ఉంది, మన సున్నం లాంటిది, అది పడిన చోటల్లా తెల్లబడి కన్నం పడుతుంది. వాడు విసిరిన బాంబుకే ఆ గొట్టం పగిలేలా చెల్లి అటు వెళ్లి నిలబడాలి. తర్వాత వాడి బాంబుల్నే కన్నంలోకి పోనిచ్చి డాలు లేని వైపు నుంచి వాడికే తగిలించాలి. వాడు దిమ్మెరపోయినప్పుడు బుర్ర చెడిన గోళాల్ని ఒక్కొక్కటిగా వాడికి తగిలించాలి, మూడు. ఒకటి ఆకాశం, ఆకాశం అంటూ ఒకటే గోల. మావోడు దాని మాటలకి పడీపడీ నవ్వుతున్నాడు.

మూడూ తగిలాక ఒక బటన్ నొక్కాలి. అక్కడ కూడా వీట్లీ బాంబులు పెట్టి ఉంచాడు. పెద్ద పేలుడు. చెల్లి వెల్లకిలా పడిపోయింది. పైకప్పు కూలి ఆకాశం కనిపించింది. ఆకాశంలో నిండు చందమామ.

మావోడు ఆట అక్కడ ఆపాడు. "ఇప్పుడేం చేస్తావు నాన్నా, చెప్పు" అన్నాడు.

నేనేం చెప్తాను? చేతిలో ఉన్నది కన్నాలు పెట్టే తుపాకీ, తెల్లగోడ ఏదీ లేదు. "లేచి పారిపోవాలి" అన్నాను. లేవలేదన్నాడు. ఓడిపోయానని ఒప్పుకున్నాను.

"చందమామ మీద కొట్టాలి నాన్నా" అన్నాడు.

ఎందుకో చెప్పాడు. ఆట మధ్యలో, పాతాళంలో, ఆ కేంద్రాన్ని కట్టిన ముసలాయన గొంతు మైకుల్లో వినిపిస్తుందట. కేవ్ జాన్సన్ అని. ఆయన ఎప్పుడో పోయాడు, రికార్డు చేసిన మాటలే మిగిలాయి. ఒకచోట దగ్గుకుంటూ చెప్తాడట. చందమామ మీద రాళ్లు కొన్నాను, పొడి కొట్టించాను, ఆ పొడితో చేసినదే ఈ తెల్ల ద్రవం, కన్నాలు దీని మీద బ్రహ్మాండంగా పడతాయి, కానీ ఆ దుమ్ము విషం, నా ఒళ్లు పాడైపోయింది అని. ఆడేవాడు అప్పుడు గెంతే తొందరలో సగం చెవితో వింటాడు. కొన్ని గంటల తర్వాత కప్పు కూలినప్పుడు ఎవ్వరూ ఏమీ చెప్పరు. ఆ ముసలాయన మాట గుర్తొస్తే గెలిచినట్టు.

మావోడు మళ్లీ ఆట నడిపి కొట్టాడు. చందమామ మీద కన్నం పడింది. వీట్లీ కింద ఉన్న కన్నానికి అటువైపు గాలి లేని శూన్యం. మోటారు నీటిని లాగినట్టు గదిలో ఉన్నదాన్నంతా లాగేసింది. వీట్లీ కూడా పోయాడు. చెల్లిని మాత్రం గ్లాడోస్ చెయ్యందించి వెనక్కి లాగింది.

నేను చాలాసేపు మాట్లాడలేదు. తిత్లీ రెండో రోజున నాకు జరిగింది ఇదే. మా నాన్న అప్పటికే పోయాడు. బతికున్నప్పుడు చుట్ట కాల్చుకుంటూ ఒకే మాట వందసార్లు చెప్పేవాడు. "మడిలో నీరెక్కితే కాలవ వైపు పోకండ్రా, కాలవే నిండిపోయుంటాది. గరువు దిగువన పాత గెడ్డ దారి ఉండేది, అటు గండి కొట్టండి" అని. అక్కడ అప్పటికి తుప్పలు తప్ప ఏమీ లేవు. వినీ వినీ విసుగొచ్చి ఊరుకునేవాళ్లం. ఆ రోజు వెన్ను మునిగిన చేను ముందు నిలబడితే ఆ మాటే చెవిలో వినిపించింది. అన్నదమ్ములం ముగ్గురం గునపాలు, పారలు పట్టుకెళ్లి తుప్పలు నరికి తవ్వాం. రెండు రోజుల్లో నీరు దిగింది. సగం పంట దక్కింది. మావోడు అప్పుడు ఎనిమిదో తరగతి, మాకు గట్టు మీదకి గంజి తెచ్చాడు.

ఆటలో ఆ తర్వాత ఇంకో ముక్క ఉంది. ఆట తీసినవాళ్లతో నా పేచీ అక్కడే.

గ్లాడోస్ చెల్లిని వదిలేసింది. లిఫ్టు పైకి, పైకి వెళ్లింది. తలుపు తెరుచుకుంది. బయట రేకుల గది, దాని చుట్టూ కనుచూపు మేర పండిన గోధుమ చేను. నీలాకాశం. వెనక తలుపు మూసుకుంది. మళ్లీ తెరుచుకుని, మొదటి ఆటలో మనం కొలిమిలో పడేసిన ఇనుప పెట్టె ఒకటి, మసిబారినది, బయటికొచ్చి పడింది. పేర్లు పడటం మొదలైంది.

"ఇంకేటి?" అన్నాను.

"ఇంకేంటి నాన్నా, అయిపోయింది. బయటపడింది కదా."

"అయిపోవడమేంటిరా, చేను కోతకొచ్చి ఉంటే!"

నేను వేళాకోళానికి అనలేదు. ఆ చేను ఎవరు చల్లారు? మధ్యలో ఒక్క గట్టు లేదు, కలుపు లేదు, ఒక్క పిట్ట లేదు, అయినా అంత సమంగా పండింది. రెండు రోజుల్లో వాన పడితే పరిస్థితేంటి? కూలీలు ఎక్కడ? రాక్షసుడిని గెలిచాక ఇచ్చే బహుమతి చేను అని పెట్టారు, అది నాకు సంతోషమే. కానీ చేను అంటే విశ్రాంతి అనుకునేది దాన్ని కిటికీలోంచి చూసినవాడే. మనకి ఆట అక్కడే మొదలవుతుంది. మన బాస్ కూడా సరిగ్గా పొట్ట దశకో ఈనికకో, అక్టోబరులోనే దిగుతాడు. ఓడిపోతే మళ్లీ మొదటినుంచి ఆడనివ్వడు.

మావోడు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు. వచ్చే ఏడాది వాడు హైదరాబాదో బెంగుళూరో పోతాడు. ఆపను. రెండెకరాల మీద ఇంకో కుటుంబం బతకదని నాకంటే బాగా ఎవరికి తెలుసు? మీ ఇళ్లలోనూ ఇదే లెక్క. మన పిల్లలు వినరని మనం అనుకుంటున్నాం గానీ వింటారు, సగం చెవితో. ఆటలో ముసలాయన దగ్గుకుంటూ చెప్పినదే గంటల తర్వాత గుర్తుపెట్టుకున్నవాడు మనం చెప్పినది మర్చిపోతాడా? అసలు మనం చెప్తున్నామా అన్నది నా అనుమానం. వాడు సెల్లులో, మనం టీవీలో. మా నాన్న వందసార్లు చెప్పాడు, నేను మావోడికి ఆ గెడ్డ దారి గురించి ఒక్కసారి కూడా కూర్చోబెట్టి చెప్పలేదు. రేపు ఈ పొలం కౌలుకిచ్చినా, ఆ చేసేవాడికైనా ఎవరో ఒకరు చెప్పాలి కదా.

మర్నాడు ఉదయం గట్టు చూడడానికి ఇద్దరం కలిసి వెళ్లాం. "తిత్లీ అప్పుడు తవ్వింది ఎక్కడో చూపించు" అన్నాను. చూపించాడు. ఇరవై అడుగులు తప్పు చూపించాడు. అసలు చోటు దగ్గరికి తీసుకెళ్లి నిలబెట్టాను. ఫోన్ తీసి మ్యాప్‌లో ఆ చోటు గుర్తుపెట్టుకుని నాకు కూడా పంపించాడు. గట్టుకి నాలుగు బొరియలు దొరికాయి, బంకమట్టి కూరి తొక్కాం.

ఆ గుర్తు ఇంకా నా ఫోన్లో ఉంది. సుడిదోమ గురించి వచ్చే వారం తప్పకుండా రాస్తాను. ఈలోగా దుబ్బుల మొదట్లో ఓసారి చూసుకోండి.